పెద్దపీట

"కుర్చీ కొనాలండీ" అన్నాను మావారితో, రాత్రి భోజనాలయ్యాక.

ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండానే, "ఇంట్లో పన్నెండున్నాయి. కావాలంటే లెక్కపెట్టుకో" అన్నారు.

లెక్కపెట్టాను. డైనింగ్ టేబులు చుట్టూ ఆరు, వరండాలో ప్లాస్టిక్‌వి నాలుగు, మా అత్తగారి నాటి పేము కుర్చీ ఒకటి, ఉతికిన బట్టలు మొయ్యడం తప్ప మనిషిని మోసి ఎరగని ఇనప కుర్చీ ఒకటి. వెరసి పన్నెండు. ఆయన మాట నిజమే. కానీ ఆ పన్నెండింటిలో నా నడుముకి నప్పేది ఒక్కటీ లేదని నాకూ, నా నడుముకీ మాత్రమే తెలుసు.

ఉద్యోగంలోంచి రిటైరై మూడేళ్ళయింది. ఊరికే కూర్చోలేక, పిల్లల పుస్తకాలకి ప్రూఫులు దిద్దే పని పెట్టుకున్నాను. (చూశారా, 'ఊరికే కూర్చోలేక' అని రాసేశాను. ప్రూఫులు దిద్దేదీ కూర్చునే!) రోజుకి ఐదారు గంటలు డైనింగ్ కుర్చీలో, వీపు వెనక ఒక తలగడ, కింద ఒక తలగడ. ఆర్నెల్లు తిరిగేసరికి పొద్దున్నే మంచం మీంచి లేవడానికి గోడ సాయం కావలసి వచ్చింది. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన బల్ల మీదున్న ప్లాస్టిక్ వెన్నెముకని ఒకసారి వంచి, ఒకసారి నిలబెట్టి, ఇది మీది, ఇది ఉండాల్సింది అని చూపించి, "మాత్రలు రాస్తాను. అవి వారం. మీక్కావలసింది మంచి కుర్చీ. అది కూడా అరగంటకోసారి లేచి తిరిగితేనే" అన్నారు.

మంచి కుర్చీ ఖరీదు ఎంతో మా అమ్మాయి ఫోనులో చెప్పింది. 2020లో లాక్‌డౌన్‌నాడు అదీ మా డైనింగ్ కుర్చీలోనే కూర్చుని హైదరాబాదు ఆఫీసు పని నెలల తరబడి చేసింది కనక, దానికి ఈ విద్యలో మంచి ప్రవేశం వుంది. "ఎనిమిదివేల నుంచి మొదలమ్మా. పద్నాలుగు, పదిహేను పెడితే కాస్త నమ్మకమైనది వస్తుంది. కూర్చుని చూడకుండా మాత్రం కొనకు" అంది.

పద్నాలుగువేలు! ఇంట్లో అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టినవి లేకపోలేదు. ఫ్రిజ్జు కొన్నాం, వాషింగ్ మెషీను కొన్నాం. వాటికి ముందూ వెనకా ఆలోచించలేదు. ఎందుకంటే అవి ఇంటికి. పట్టుచీర కొన్నా అది పెళ్ళికి, అంటే పరువుకి. ఈ కుర్చీ ఒక్కటే, అచ్చంగా నా నడుముకి. నా ఒక్కదాని ఒంటికి హాయిగా వుండడం కోసం అన్ని వేలు పెట్టొచ్చా అని నాకు నేనే అర్జీ పెట్టుకుని, నేనే దాన్ని నాలుగు నెలలు పెండింగులో పెట్టాను. మీలో చాలామందికి ఈ ఫైలు పరిచయమే అనుకుంటాను.

అసలు కూర్చోవడమంటేనే మన భాషకి కాస్త చిన్నచూపు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. 'ఏం చేస్తున్నావ్' అంటే 'ఏమీ లేదు, కూర్చున్నాను.' ఆడపిల్ల కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే పొగరు. గడప మీద కూర్చుంటే దరిద్రం. కానీ అదే భాషలో, ఎవరినైనా గౌరవించాలంటే 'పెద్దపీట వేశారు' అంటాం. అంటే కూర్చోవడం తప్పు కాదన్నమాట. ఎవరు కూర్చుంటున్నారన్నదే అసలు సంగతి.

మా తాతయ్యకి వసారాలో పడక కుర్చీ వుండేది. గుడ్డది కాదు, టేకు చట్రానికి పేము అల్లినది, చేతులు బారుగా ముందుకి చాచుకుని వుండేవి. ఆయన వూళ్ళో లేనప్పుడు కూడా దాంట్లో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. పిల్లలం ఎక్కితే దింపేవాళ్ళు. మా బామ్మ దానికి నాలుగడుగుల దూరంలో స్తంభానికి జేరగిలబడి ఒత్తులు చేసుకునేది. వీధిలో తాతయ్య చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, జేరగిలబడిన వీపు నిటారుగా అయిపోయేది. బామ్మకి ఎవరూ పని కట్టుకుని చెప్పగా నేను వినలేదు. తాతయ్య పోయాక ఆ కుర్చీలో పిల్లి పడుకునేది. పిల్లిని ఎవరూ దింపలేదు. బామ్మ మాత్రం తను పోయేదాకా స్తంభం దగ్గరే కూర్చుంది.

ఇది పాతకాలం కథ అని నవ్వకండి. మా అమ్మ ఇప్పుడు నా దగ్గరే వుంటోంది. ఎనభై నాలుగేళ్ళు. ఇప్పటికీ అల్లుడు గదిలోకి వస్తే లేచి నిలబడుతుంది. మావారు "కూర్చోండత్తయ్యా" అని ముప్ఫై ఏళ్ళుగా అంటూనే వున్నారు. ఆవిడ "ఆఁ, కూర్చుంటాను నాయనా" అని ముప్ఫై ఏళ్ళుగా నిలబడుతూనే వుంది.

నేల మీద కూర్చునే మన అలవాటే మంచిది, కుర్చీలు వచ్చే నడుములు పోయాయి అని చెప్పేవాళ్ళున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. గంటల తరబడి ఒకే భంగిమలో కదలకుండా వుండడం ఏ వెన్నుకీ మంచిది కాదు. కానీ ఆ మాట చెప్పేవాళ్ళెవరూ మా అమ్మ మోకాళ్ళని చూడలేదు.

సరే, కొనదలచుకున్నాక ఒక విద్యలాగా నేర్చుకున్నాను. నేర్చుకున్నది మీకూ పనికొస్తుందేమో చెబుతాను. కుర్చీలో వెనక్కి పూర్తిగా జరిగి కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. సీటు ముందు అంచుకీ, మోకాలి వెనక మడతకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టేంత సందు వుండాలి; సీటు మరీ లోతైతే అంచు పిక్కల్ని నొక్కుతుంది, లేదా మనం ముందుకి జరిగిపోయి వీపుకి ఆసరా లేకుండా అవుతుంది. నడుము దగ్గర వెన్ను లోపలికి వంగినచోట కుర్చీ వీపు బయటికి వంగి ఆ ఖాళీని నింపాలి. చేతులు ఆనించే కొమ్ములు భుజాల్ని పైకి ఎత్తకూడదు, బల్ల కిందికి వెళ్ళడానికి అడ్డు పడకూడదు. కింద కాళ్ళు ఐదుండాలి. నాలుగైతే, పక్కకి వంగి కింద పడ్డ పెన్ను తీసుకునేటప్పుడు మనమూ పెన్ను దగ్గరికే వెళ్ళే ప్రమాదం వుంది. స్పాంజి ఎంత మెత్తగా వుంటే అంత మంచిదనుకోవడం పొరపాటు. సోఫాలా దిగిపోయే సీటులో రెండు నిమిషాలు స్వర్గం, రెండు గంటలు నరకం.

వీటన్నిటినీ కలిపి ఇంగ్లీషులో ఎర్గొనామిక్స్ అంటారు. గ్రీకులో ఎర్గాన్ అంటే పని, నోమోస్ అంటే నియమం. ఆ పేరు పెట్టింది పోలండు దేశపు శాస్త్రవేత్త ఒకాయన, 1857లో. పనికి తగ్గట్టు మనిషి వంగడం మానేసి, మనిషికి తగ్గట్టు పనిముట్టుని వంచమనడం ఆ శాస్త్రం సారాంశం. వినడానికి ఎంత బాగుంది! కానీ వెంటనే ఒక ప్రశ్న వస్తుంది కదండీ. ఏ మనిషికి తగ్గట్టు?

దీనికి ఒక చక్కని కథ వుంది. 1950లో అమెరికా వైమానిక దళంవాళ్ళు విమానంలో పైలట్ కూర్చునే చోటు సరిగ్గా వుండడం లేదని నాలుగువేలమందికి పైగా పైలట్ల ఒంటి కొలతలు తీశారు. ఆ సగటు కొలతలతో సీటు చేస్తే అందరికీ సరిపోతుందని వాళ్ళ ఆలోచన. గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్ర ఉద్యోగి ఒకడు, ముఖ్యమైన పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటుకి దగ్గరగా వున్నవాళ్ళు ఎంతమందో చూద్దామని లెక్కకట్టాడు. నాలుగువేల పైచిలుకులో ఒక్కడంటే ఒక్కడు లేడు! సగటు మనిషి కోసం చేసిన సీటు ఎవరి కోసమూ చెయ్యని సీటేనని తేలింది. ఆ తర్వాత వైమానిక దళం సీట్లని ఎవరికి వారు జరుపుకునేలా చేయించింది. మన ఆఫీసు కుర్చీల కింద వుండే మీటలన్నీ అలాంటి బుద్ధికి పుట్టినవే.

ఆ నాలుగువేలమందీ మగవాళ్ళేనని వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు ఐదడుగులు, సెంటీమీటర్లలో సుమారు 152. నేను దానికి ఒక అంగుళం తక్కువ. (సగటు లేదని ఇప్పుడే చెప్పి మళ్ళీ సగటు చెబుతున్నానని పట్టుకోకండి. కుర్చీలు చేసేవాళ్ళు ఇంకా దాన్నే పట్టుకుని వున్నారు.) నేను చూసిన కుర్చీల్లో చాలావాటిని మీట నొక్కి అట్టడుగుకి దించినా నా మడమలు గాలిలోనే వున్నాయి. ఆరడుగులవాడికి చాలకపోతే పైకి లేపుకోడానికి మీట వుంది. నాకు కిందికి దారి లేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆఫీసులో కాళ్ళు వేలాడేసుకునే ఉద్యోగం చేశానని, అది నా కాళ్ళ తప్పు కాదని, అరవై దాటాక తెలిసింది.

ఆఫీసు మాట వచ్చింది కనక ఇక దాటెయ్యలేను.

గవర్నమెంటు ఆఫీసుల్లో ఉద్యోగాన్నే సీటు అంటాం. 'ఆ ఫైలు ఏ సీటులో వుంది?' 'ఆవిడ ఆ సీటులో మూడేళ్ళు చేసింది' అని. అందుకేనేమో, సీటు ఎంత పెద్దదైతే కుర్చీ అంత పెద్దది. ఆఫీసరుగారి కుర్చీకి వీపు తలదాకా వుంటుంది, చక్రాలుంటాయి, మీద తెల్లటి టర్కీ తువ్వాలు పరిచి వుంటుంది. ఆయన రోజులో సగం సేపు మీటింగుల్లో, మిగతా సగంలో కొంత క్యాంపుల్లో వుంటారు. సూపరింటెండెంటుకి చేతుల కుర్చీ, తువ్వాలు లేదు. గుమాస్తాలకి చేతుల్లేని చెక్క కుర్చీ. పొద్దున్న పదిన్నర నుంచి సాయంత్రం ఐదుదాకా టైపు మిషను ముందునుంచి కదలని మనిషికి, మిగిలింది. మిగిలిందంటే ఒక కాలు కింద అట్టముక్క మడిచి పెట్టింది.

1996లో మా ఆఫీసుకి కొత్త కుర్చీలొచ్చాయి. చక్రాలతో, మెత్తటి సీటుతో, పైకీ కిందికీ తిప్పుకునేవి. మేం పందొమ్మిదిమందిమి. కుర్చీలు ఎనిమిది. ఫర్నిచరు ఫైలు నా సీటులోనే వుంది. ఎవరెవరికి ఇవ్వాలో లిస్టు వేసుకు రమ్మన్నారు సూపరింటెండెంటుగారు.

నేను సీనియారిటీ ప్రకారం వేశాను. అది రూలు కాదు. కుర్చీలకి అలాంటి రూలేదీ లేదు. కానీ ఎవరూ వేలెత్తి చూపలేని పద్ధతి. ఆ లిస్టులో నా నంబరు ఎనిమిది.

మా టైపిస్టు అమ్మాయి నంబరు పద్నాలుగు. అప్పుడు ఆరో నెల. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక నా దగ్గరికి వచ్చి, "అక్కా, డెలివరీ అయ్యేదాకా ఒక కుర్చీ ఇప్పించగలవా? తర్వాత తిరిగి ఇచ్చేస్తాను" అంది. బతిమాలినట్టు కూడా అడగలేదు, లైబ్రరీ పుస్తకం అడిగినట్టు అడిగింది. నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "లిస్టు వెళ్ళిపోయిందమ్మా. నా చేతిలో ఏముంది?"

లిస్టు వెళ్ళలేదు. నా సొరుగులో వుంది. సాయంత్రం పంపాను.

ఇన్నేళ్ళూ దాన్ని నేను అన్యాయం అనుకోలేదు సుమండీ. ఎవరికీ పక్షపాతం చూపించలేదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, వరసలో వచ్చింది తీసుకున్నాను. న్యాయం అంటే అందరికీ ఒకే కొలబద్ద అని కదా మనకి నేర్పింది. కానీ ఆ కొలబద్ద దేన్ని కొలుస్తోందో నేను చూడలేదు. ఎవరు ఎన్నేళ్ళ కిందట ఉద్యోగంలో చేరారో అది కొలిచింది. ఎవరి నడుముకి కుర్చీ అవసరమో కొలవలేదు. లిస్టులో మొదటి పేరు గలాయన ఫీల్డు డ్యూటీ మీద వారంలో నాలుగు రోజులు బయటే వుండేవారు. ఆయన కుర్చీ మీద ప్లాస్టిక్ కవరు కూడా చాలా నెలలు అలాగే వుంది. ఆ పక్కనే ఆ పిల్ల అట్టముక్క కుర్చీలో, మడత పెట్టిన షాలువా నడుము వెనక దోపుకుని, ఏడో నెల, ఎనిమిదో నెల టైపు కొట్టింది. రెండడుగుల దూరంలో నేను మెత్తటి కుర్చీలో తిరుగుతూ ఫర్నిచరు ఫైలు చూసుకున్నాను.

రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో కనబడింది. కల్యాణ మండపంలో కుర్చీలన్నిటికీ తెల్ల గుడ్డ తొడిగి వెనక రిబ్బను కట్టారు. కూర్చునే ముందు పక్క కుర్చీ వీపు పట్టుకుని, నెమ్మదిగా, ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. వయసు వల్ల కావచ్చు. నాకూ అలాగే వుందిగా. అప్పుడు పుట్టిన పిల్లాడు ఇప్పుడేం చేస్తున్నాడని అడిగాను. చెప్పింది. ఇంకోటి అడగబోయి, వడ్డనకి పిలుస్తున్నారని లేచాను.

కుర్చీల గురించి చదువుతుంటే ఒక విచిత్రం కనబడింది. సాఫ్టువేరు కంపెనీల ఫోటోల్లో, సినిమాల్లో చూసే వుంటారు, స్పాంజి లేకుండా వల లాంటి గుడ్డతో చేసిన నల్లటి కుర్చీ. ఏరాన్ అంటారు. 1994లో అమెరికాలో వచ్చింది. బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ అని ఇద్దరు చేశారు. చెప్పుల్లాగా మూడు సైజుల్లో చేశారు, పెద్ద ఆఫీసరుకి ఒకటి, చిన్న ఆఫీసరుకి ఒకటి అని కాకుండా, పెద్ద ఒళ్ళుకి ఒకటి, చిన్న ఒళ్ళుకి ఒకటి. అంతవరకు భేషైన ఆలోచన. అయితే దానికి ముందు వాళ్ళిద్దరూ కలిసి చేసింది ముసలివాళ్ళ కోసం కుర్చీ. రోజంతా కుర్చీలో గడిపేవాళ్ళకి ఒళ్ళు ఒరుసుకోకుండా, లేవడానికి కష్టం కాకుండా వుండాలని ఆలోచించి చేశారు. అది మార్కెట్టుకి రాలేదు. దానిమీద నేర్చుకున్న విద్య మాత్రం ఏరాన్‌లోకి వచ్చింది. ముసలమ్మల అవసరంలోంచి పుట్టిన కుర్చీ, కొత్తగా డబ్బు వచ్చిన కంపెనీ యజమానుల హోదాకి గుర్తయి కూర్చుంది. మన దేశంలో ఇప్పుడు దాని ఖరీదు లక్ష పైమాటే. ఏ కుర్చీకైనా వీపు కాస్త ఎత్తుగా వుంటే చాలు, దానిమీద తువ్వాలు పడక మానదు కాబోలు.

చివరికి ఒక ఆదివారం బందరు రోడ్డులో ఒక పెద్ద ఫర్నిచరు షాపుకి వెళ్ళాను. మావారు కారులోనే వుంటానన్నారు. రెండో అంతస్తంతా కుర్చీలే. వందకి తక్కువ వుండవు. ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతె నా వెంట వచ్చింది. ఏ కుర్చీ దగ్గర ఆగితే దాని గురించి గడగడా అప్పజెప్పింది. లంబార్ సపోర్టు, గ్యాస్ లిఫ్టు, మూడేళ్ళ వారంటీ. "ఇది నడుముకి చాలా కంఫర్టుగా వుంటుంది మేడమ్."

"నువ్వు కూర్చుని చూశావా?"

"లేదు మేడమ్."

"వీటిలో ఏదీనా?"

నవ్వి, కళ్ళతో పైకి చూపించింది. మూల కెమెరా వుంది. "స్టాఫ్ కూర్చోకూడదు మేడమ్. కస్టమర్లు లేకపోయినా కూర్చోకూడదు. బాగుండదంట."

"పొద్దున్న ఎన్నింటికి వస్తావు?"

"పదింటికి. రాత్రి తొమ్మిది."

అప్పుడు చూశాను. మాట్లాడుతున్నంతసేపూ ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. చెప్పుల్లోంచి మడమలు బయటికి తీసి, మళ్ళీ లోపలికి దోపుకుంటోంది. వంద కుర్చీల మధ్య పదకొండు గంటలు నిలబడి, కూర్చుంటే ఎంత సుఖమో చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం.

ఇంటికి వచ్చాక దీని గురించి వెదికి చదివాను. ఇంగ్లండులో 1899లోనే దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకి ముగ్గురికి ఒక కుర్చీ చొప్పున వుండాలని చట్టం చేశారు. మన ఫ్యాక్టరీల చట్టంలో, నిలబడి పనిచేసేవాళ్ళు సందు దొరికినప్పుడు కూర్చోడానికి ఏర్పాటు వుండాలని 1948లోనే రాశారు. ఫ్యాక్టరీల సంగతి అది. బట్టల షాపుల్లో చీరలు పరిచి చూపించే ఆడవాళ్ళకి మాత్రం గోడకి ఆనుకుంటే జీతంలో కోత. కేరళలో కోజికోడ్‌లో విజి పెంకూట్టు అనే దర్జీ అలాంటి ఆడవాళ్ళని కూడగట్టి ఏళ్ళ తరబడి పోరాడింది. వాళ్ళు అడిగింది జీతం పెంచమని మాత్రమే కాదు, కూర్చోనివ్వమని, బాత్రూముకి వెళ్ళనివ్వమని. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే చేసింది. కూర్చునే హక్కు! ఆ మాట చదివి కాసేపు పేపరు పక్కన పెట్టాను. నేను చీరలు కొన్న ప్రతి షాపులోనూ, మెత్తటి పరుపు మీద కూర్చుని, 'ఆ పై అరలోది తియ్యమ్మా' అన్నాను. యాభై చీరలు తీయించి ఒకటి కొన్నాను. ఆవిడ పొద్దుట్నుంచీ నిలబడే వుందని నాకు ఎన్నడూ తోచలేదు.

షాపు సంగతి పూర్తి చెయ్యలేదు కదూ. ఆ పిల్ల ఎత్తు, నా ఎత్తు ఇంచుమించు ఒకటే. "అమ్మాయ్, నేను కూర్చుంటే నా వీపు నాకు కనబడదు. నువ్వు కూర్చో, నేను వెనకనుంచి చూస్తాను" అన్నాను. తటపటాయించింది. "కస్టమరుకి చూపించడం నీ డ్యూటీయేగా" అన్నాను. కూర్చుంది. ముందు అంచు మీద, పక్షి వాలినట్టు. "అలా కాదు, పూర్తిగా వెనక్కి జరుగు" అన్నాను. జరిగింది. నేను నెమ్మదిగా చుట్టూ తిరిగాను. నడుము దగ్గర చూశాను, మోకాళ్ళ దగ్గర వేళ్ళు పెట్టి చూశాను, కొమ్ములు పైకీ కిందికీ ఆడించాను. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే చూశాను. తర్వాత ఇంకో కుర్చీ. తర్వాత ఇంకోటి. నాలుగో కుర్చీలో ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. ఒక్క క్షణం.

ఫ్లోరు మేనేజరు వచ్చాడు. "నేనే కూర్చోమన్నానండీ" అన్నాను, టైపిస్టు విషయంలో లేని ధైర్యంతో. ఆయన నాతో నవ్వి, ఆ పిల్లవైపు నవ్వకుండా చూసి వెళ్ళాడు.

నేను చేసింది మంచిపనేనా? కారులో వస్తూ అదే ఆలోచించాను. నేను బిల్లు కట్టి వచ్చేశాను. నేను వచ్చేశాక ఆ పిల్లని ఏమన్నారో నాకు తెలియదు. పావుగంట కూర్చోబెట్టి, నా ముప్ఫై ఏళ్ళ నాటి బాకీ ఇంకొకరి ఉద్యోగం మీద తీర్చుకున్నానేమో. మావారికి చెబితే, "నువ్వు కుర్చీ కొనడానికి వెళ్ళావా, సత్యాగ్రహానికి వెళ్ళావా?" అన్నారు. అలా అన్నారు గానీ, బెంజి సర్కిల్ దాటాక ఆయనే మళ్ళీ, "నిజమేనే, మా బ్యాంకులో సెక్యూరిటీ గార్డుకి స్టూలు వుండేది కాదు" అన్నారు. ఆ తర్వాత ఇంటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆయన ఆ బ్యాంకుకి మేనేజరుగా ఆరేళ్ళున్నారు.

కుర్చీ గురువారం వచ్చింది. బిగించడానికి వచ్చిన అబ్బాయి చివరి మర తిప్పి, "ఎవరు కూర్చుంటారండీ? వాళ్ళ ఎత్తుకి పెట్టేసి వెళ్తాను" అన్నాడు. "నేనే" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఎందుకో సిగ్గేసింది. మడమలు అందవు కనక కింద ఏదో ఒక ఎత్తు కావాలి. అటక మీద బామ్మ భోజనం పీట వుంది. దాన్ని దించి, తుడిచి, కాళ్ళు పెట్టబోతే అమ్మ, "అన్నం తిన్న పీటే అది!" అంది. పక్కన పెట్టి, పాత టెలిఫోను డైరెక్టరీలు రెండు కట్ట కట్టి పెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయాయి.

ఆ సాయంత్రం ఇస్త్రీ బట్టలు తెచ్చుకోడానికి సందు చివరికి వెళ్ళి వచ్చేసరికి, అమ్మ నా కుర్చీలో వుంది. ఎలా ఎక్కిందో తెలియదు. డైరెక్టరీల మీద పాదాలు ఆనించి, వీపు పూర్తిగా వెనక్కి వాల్చి, రెండు చేతులూ రెండు కొమ్ముల మీద పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోలేదు. "వీపుని ఎవరో పట్టుకున్నట్టుందే" అంది.

అంతలో మావారు గదిలోకి వచ్చారు. అలవాటు చొప్పున లేవబోయింది. కుర్చీకి చక్రాలు కదా, కాస్త వెనక్కి జరిగింది. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి పక్కకి తిరిగి, అల్లుడికి ఎదురుగా ఆగింది.

"కూర్చోండత్తయ్యా" అన్నారు ఆయన, ముప్ఫై ఏళ్ళుగా అంటున్నట్టే.

"ఇది లేవనిచ్చేట్టు లేదు నాయనా" అంది అమ్మ. కూర్చునే వుంది.

నేను కాఫీ కలిపి ఇద్దరికీ ఇచ్చాను. అమ్మ ఏడున్నరదాకా దిగలేదు. మర్నాటికి ఇవ్వవలసిన ప్రూఫులు పదహారు పేజీలు మిగిలి వున్నాయి. తలగడలు రెండూ తెచ్చుకుని డైనింగ్ కుర్చీలో కూర్చుని దిద్దాను. రాత్రి పదింటికి నడుం పట్టేసింది.